బర్రెల కొట్టంలో రేడియో

మా ఇంట్లో రేడియోకు ఉన్న మర్యాద మనుషులకు ఉండేది కాదు. చుట్టాలు వస్తే గడపలోనే ఏం పని మీద వచ్చారని అడిగే మా బాపు, ఆ పెట్టె ముందుకు మాత్రం కాళ్ళు కడుక్కుని వచ్చేవాడు. దాని మీద అమ్మ కుట్టిన పూల గుడ్డ, ఆ గుడ్డ మాయకుండా పైన ఇంకో తువాలు. స్విచ్చి వేశాక లోపల వాల్వులు వేడెక్కి గొంతు బయటికి వచ్చేదాకా ఇంట్లో ఎవరూ దగ్గకూడదు, గిన్నె కదపకూడదు. దగ్గితే వాల్వులకు ఏమవుతుందని ఒకసారి అడిగాను. అడిగినందుకు నన్ను బయట కూర్చోబెట్టారు.

గౌలిపురలో మాది పాల ఇల్లు. గల్లీ వైపు రెండు గదులు, వాటిని ఆనుకుని బర్రెల కొట్టం, కొట్టానికి గల్లీలోకే వేరే దర్వాజా. అరవైల చివర, నేను బడికి పోతున్న రోజుల్లో, గల్లీ మొత్తానికి అంత పెద్ద రేడియో మాదొక్కటే. సాయంత్రం పాల కోసం గిన్నెలు, చెంబులు పట్టుకుని వచ్చినవాళ్ళంతా కొట్టం ముందు అరుగు మీద కూర్చునేవాళ్ళు. బాపు గది కిటికీ తెరిచి రేడియోను కొట్టం వైపు తిప్పేవాడు. మొదట రైతుల కార్యక్రమం, తర్వాత వాతావరణం, ఆ తర్వాత వార్తలు. వార్తలు నడుస్తున్నంతసేపు ఆయన పాలు కొలిచేవాడు కాదు. అరుగు మీద వాళ్ళూ తొందరపడేవాళ్ళు కాదు. మొఘల్‌పుర నుంచి వచ్చే ఉర్దూ ఇళ్ళ అమ్మలు కూడా తెలుగు వార్తలు సగం అర్థమై, సగం అర్థంకాక, అట్లాగే కూర్చుని వినేవాళ్ళు. పొయ్యి మీద చాయ్ నీళ్ళు పెట్టి పాలకు వచ్చిన మనిషి అంతసేపు ఎట్లా కూర్చునేదో, ఇంటికి పోయాక ఎన్ని మాటలు పడేదో, తలుచుకుంటే నాకే ఎవరిమీదో విసుగు పుడుతుంది.

అందరికంటే ముందు వచ్చి అందరికంటే వెనక పోయేది ఎదురింటి కాక. బాపుకు చిన్నాయన కొడుకు. ఆయనవీ బర్రెలే. కొట్టంలో కుడితి తొట్టి బోర్లించి దాని మీద కూర్చునేవాడు. అది ఆయన జాగా, ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. వాన పడుతుందని రేడియో చెబితే ఆకాశం చూసి తల అడ్డంగా ఊపేవాడు. ఎవరో మంత్రి ఏదో ఇస్తానన్నాడని వార్తల్లో వస్తే, మనకు గాదులే అన్నా అని బాపు వైపు తిరిగేవాడు. బాపు నోటి మీద వేలు పెట్టుకుని కసురుకునేవాడు. రోజూ అదే మాట, అదే కసురు. ఆ తగవు పడితే గానీ వాళ్ళిద్దరికీ పొద్దు గుంకినట్టు ఉండేది కాదు.

బర్రెలకూ అలవాటైంది. రైతుల కార్యక్రమానికి ముందు చిన్న సంగీతం ముక్క వచ్చేది. అది చెవిన పడగానే మా బర్రెలు చేపేవి, అంటే దుడ్డెను విడవకముందే పొదుగులోకి పాలు దిగేవి. కరెంటు పోయిన సాయంత్రాల్లో అమ్మ తిప్పలు చూడాలి. పొదుగు కడిగి, నిమిరి, బుజ్జగించి, ఎంతకీ లొంగకపోతే చివరికి ఆ సంగీతాన్ని తనే నోటితో తీసేది. అమ్మకు పాట రాదు. ఆ సంగతి బర్రెకు వెంటనే తెలిసిపోయేది.

ఇదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది బాపు తెలుగు. ఏళ్ళ తరబడి వార్తలు విని విని ఆయనకు రేడియో భాష అంటుకుంది. తాడు ఎక్కడ పెట్టినవని అమ్మ అడిగితే, కొట్టంలో ఉన్నట్లు తెలియవచ్చింది అనేవాడు. అమ్మ కోపంతో గిన్నెలు విసిరేస్తుంటే, పరిస్థితి ఉద్రిక్తంగా ఉన్నప్పటికీ అదుపులోనే ఉందని నాకు చెప్పేవాడు. చిన్నప్పుడు నవ్వాను. పెద్దయ్యాక నాకు ఆఫీసులో టైపు పని దొరికింది. పొద్దంతా ఆ భాషే కొట్టి కొట్టి, వేళ్ళు నొప్పి పుట్టి ఇంటికి వస్తే, గడపలో బాపు అదే భాషలో ఎదురయ్యేవాడు. తల పట్టుకునేదాన్ని. మన మాటను ఆఫీసుల్లో నవ్వుతారని, రేడియోలో వచ్చేదే అసలు తెలుగని ఆయన నమ్మకం. ఎవరో ఎప్పుడో ఎక్కడో ఆయన మాటకు నవ్వి ఉంటారు. ఎవరని అడిగితే చెప్పేవాడు కాదు. ఆ నమ్మకం ముందు నేనెంత అరిచినా దండగే అయ్యేది.

డెబ్బైలు సగం గడిచేసరికి అరుగు మీద జనం పలచబడ్డారు. ట్రాన్సిస్టర్లు చవకయ్యాయి. ఒకరికి సినిమా పాటలు, ఒకరికి క్రికెట్టు, ఎవరి డబ్బా వాళ్ళ చెవి దగ్గర. పాలకు వచ్చినవాళ్ళు నిలబడే ఉండి, జల్ది పోయమని గిన్నె ముందుకు తోసేవాళ్ళు. వార్తల నడుమ పాలు కొలవడం బాపు నేర్చుకోక తప్పలేదు. కొలుస్తూ వింటే రెండూ పాడయ్యేవి. పాలు ఒలికేవి, వార్త సగం పోయేది, ఆ రెండింటి కోపం మా మీద పడేది. నీక్కూడా ఒక చిన్న ట్రాన్సిస్టర్ కొనిస్తాను, కొట్టంలో తగిలించుకో అని చెప్పాను. సబ్బు పెట్టెలోంచి వచ్చే వార్తలు నమ్మబుద్ధి కాదన్నాడు.

అయినా కాక మాత్రం రోజూ వచ్చేవాడు. తొట్టి బోర్లించుకుని కూర్చునేవాడు. ఆయన ఉన్నంతకాలం మిగతావాళ్ళు పోయినందుకు బాపుకు పట్టింపు లేదు.

ఎనభైల మొదట్లో కాక కొడుక్కి ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయమైంది. ఆ ఏడే వాళ్ళ మిద్దె మీద ఏంటెనా లేచింది. గల్లీలో మొదటి టీవీ. ఆ సాయంత్రం కాక రాలేదు. కొత్త మోజు, రెండు రోజులు పోతే అదే తగ్గుతుందని బాపు అమ్మతో అన్నాడు. తగ్గలేదు. రోజూ బాపు తొట్టి బోర్లించి పెట్టేవాడు, రైతుల కార్యక్రమం అయ్యేదాకా చూసేవాడు, తర్వాత దాన్ని వెల్లకిలా తిప్పి కుడితి పోసేవాడు. బర్రెలు అంతసేపూ కుడితికి అరుస్తూనే ఉండేవి. ఎదురింట్లోంచి నవ్వులు వినిపించేవి.

రాకపోతే పోయాడు అనుకుందామంటే, ఆ టీవీ మా రేడియో గొంతు కూడా పిసికింది. మీడియం వేవు మీద అప్పటికే ట్యూబులైట్ల చిటపటలు, పిండి గిర్ని మోటారు రొద. ఇప్పుడు ఎదురింట్లో టీవీ పెట్టగానే మా పెట్టెలో ఈల మొదలయ్యేది. వార్తలు చదివే ఆయన ఆ ఈల వెనక ఎక్కడో గొణుక్కునేవాడు. టీవీ కట్టేస్తే ఈల ఆగేది. ఈ సంగతి అమ్మకు తెలుసు, నాకు తెలుసు. బాపుకూ తెలుసు, ఒప్పుకోడు. ఏరియల్ తీగ వదులైందనేవాడు. వాల్వు పోయిందనేవాడు. పెట్టె పక్కన అరచేత్తో చరిచేవాడు. కాళ్ళు కడుక్కుని దగ్గరికి వచ్చే మనిషి దాన్ని చరుస్తుంటే నాకు ఒళ్ళు మండేది. పోయి కాకకు ఒక మాట చెప్పరాదా అంటే, పక్కింటివాళ్ళ పాయసంలో ఉప్పు వేసి రమ్మన్నట్టు చూసేవాడు.

చివరికి ఈల కాస్త తక్కువ వినిపించే చోటు వెతికాడు. కొట్టంలో లోపలి గోడకు బల్ల కొట్టి, రేడియోను తీసుకుపోయి అక్కడ పెట్టాడు. ఇంటి పరువంతా బర్రెల మధ్యకు పోయిందని అమ్మ బాధ. పూల గుడ్డ మీద పేడ చింది, ఉతికితే పోక, అది మా ఇంట్లో చాలాకాలం నడిచిన లొల్లి.

సరిగ్గా అప్పుడే రేడియో స్టేషను నుంచి కబురు వచ్చింది. మా బర్రెలకు సూదులు వేసే పశువుల డాక్టరు ఎవరికో చెప్పాడట. పట్నంలో బర్రెలు సాకే మనిషి ఒకరు రైతుల కార్యక్రమంలో మాట్లాడితే బాగుంటుందని, బాపును రమ్మన్నారు. ఇన్నేళ్ళూ ఎవరెవరి గొంతుల కోసమో మేమంతా దగ్గు ఆపుకున్నాం. ఇప్పుడు ఆ పెట్టెలోంచి ఆయన గొంతే వస్తుంది. బాపు ఆ పూట అన్నం కలుపుతూ కలుపుతూ కూర్చున్నాడే గానీ తినలేదు. చివరికి అమ్మతో ఒకటే మాట అన్నాడు.

"తమ్ముడు వినాలె. ఇంకెవ్వరు వినకున్నా ఫికర్ లేదు."

అక్కడినుంచి రికార్డింగు దాకా మేం పడ్డ బాధ మా శత్రువులు కూడా పడకూడదు. పాలు పితుకుతూ ప్రాక్టీసు, బోరింగు కొడుతూ ప్రాక్టీసు. పాడి పశువుల పట్ల తగిన శ్రద్ధ వహించవలసి ఉందని అనేదాకా వచ్చి, అక్కడ ఆగి, ఎవరు పేర్కొన్నారని పెడదామని నన్ను అడిగేవాడు. చెప్పేది నువ్వే కదా బాపూ, ఇంకెవరు పేర్కొంటారు అంటే మొహం చిన్నబుచ్చుకునేవాడు. గడ్డి అనకూడదట, పశుగ్రాసం అనాలట. పేడ అనడానికి నోరు రాక, ఆ భాగమే తీసేశాడు. కుడితికి ఏమనాలో తెలియక రెండు పూటలు నా ప్రాణం తోడాడు. విసిగిపోయి ద్రవాహారం అన్నాను. అది వెటకారమని ఆయనకు తోచనే లేదు. దాన్నే ఖాయం చేసుకున్నాడు.

ఆ రోజు నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. నడి ఎండాకాలంలో బాపు పెళ్ళినాటి కోటు వేసుకున్నాడు. బస్సులో చెమటలు కారుతున్నా గుండీ విప్పలేదు. స్టేషనులో మమ్మల్ని కూర్చోబెట్టిన ఆఫీసరు మంచి మనిషి. బాపుకు మంచినీళ్ళు ఇప్పించి, మీరు ఇంట్లో ఎట్లా మాట్లాడతారో అట్లాగే మాట్లాడండి పెద్దాయనా, మాకు అదే కావాలి అన్నాడు. మరోసారి కూడా చెప్పాడు. బాపు బుద్ధిగా తలూపాడు. ఎర్ర దీపం వెలిగింది. బాపు గొంతు సవరించుకుని, శ్రోతలకు నమస్కారం చెప్పి, పశుగ్రాసం దగ్గర మొదలుపెట్టి ద్రవాహారం దాకా ఒక్క ఊపున వెళ్ళిపోయాడు.

అద్దం ఇవతల నేను కళ్ళు మూసుకున్నాను. ఆఫీసరు ఆపించాడు. బర్రెల పేర్లు అడిగాడు, పిల్లల సంగతి అడిగాడు, నవ్వించాలని చూశాడు. ప్రతిదానికీ బాపు ఆయనకంటే గట్టి తెలుగులో జవాబిచ్చాడు. చివరికి ఆయన కూడా అలసిపోయి, పోనీ బర్రె తాడు తెంపుకుని పోతే ఏం చేస్తారని అడిగాడు.

దానికి మా గల్లీలో ఒక కట్టుబాటు ఉంది. బర్రె తెంపుకుంటే ఆ ఇంటివాడు ఒక కేక వేస్తాడు. అది వినబడితే పాల ఇళ్ళవాళ్ళు ఎవరైనా సరే, కంచం ముందున్నా చేయి కడగకుండా, దొరికిన కట్టె పట్టుకుని గల్లీలోకి ఉరకాలి. గల్లీకి రెండు కొసలా అడ్డం నిలబడాలి. బర్రె గల్లీ దాటి బస్సులు తిరిగే రోడ్డెక్కిందంటే ఇక ఆశ వదులుకోవడమే. మాటలు లేని అన్నదమ్ములు కూడా ఆ కేకకు వస్తారు. అందుకే దాన్ని ఎవరూ ఆటకు వేయరు.

బాపు ఆ ప్రశ్నకు మంచి తెలుగు కోసం వెతికాడు. దొరకలేదు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఆ చల్లటి గదిలోనే, కడుపులోంచి వేశాడు.

"హోయ్... తెంపుకున్నదిరో... అడ్డం రాండ్రీ..."

మిషను దగ్గర కూర్చున్న మనిషి చెవుల మీది డొప్పలు లాగి కింద పడేశాడు. ఆఫీసరు బల్ల మీద కొట్టి నవ్వాడు. ఇదీ పెద్దాయనా, ఇట్లా మాట్లాడండి అన్నాడు. బాపు సిగ్గుతో కుంచించుకుపోయి, క్షమించమని అడిగి, మిగతా సగాన్ని ఇంకా కష్టమైన తెలుగులో పూర్తి చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒకటే గొణుగుడు. మంచిగా చదువుతున్నవాడిని నడుమ మోటుగా అరిచానే, ఆ ముక్క తీసేస్తే బాగుండు అని. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. 

ప్రసారం ఎప్పుడో తెలియడానికి చాన్నాళ్ళు పట్టింది. తెలిశాక నెత్తి కొట్టుకున్నాను. ఆదివారం సాయంత్రం. ఆదివారం సాయంత్రం టీవీలో హిందీ సినిమా. గల్లీ గల్లీ మొత్తం కాక ఇంట్లో ఉండే వేళ. బాపు మాత్రం తెల్లచొక్కా వేసుకుని ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చాడు. అందరూ తప్పక వింటామన్నారట. వాళ్ళలో ఎవరింట్లో రేడియో ఇంకా పలుకుతోందో నాకు తెలుసు. కాక గడప దగ్గర లోపలికి పోకుండా నిలబడి, ఆదివారం నా మాటలొస్తయి తమ్మీ అని చెప్పాడట. అయ్యో, రాకుంట ఎట్లుంట అన్నా అని కాక అన్నాడట. ఆ మాటను బాపు అమ్మకు ఒకసారి, నాకు ఒకసారి, బర్రెలకు పచ్చిగడ్డి తెచ్చే ఆయనకు ఒకసారి చెప్పాడు.

ఆదివారం వచ్చింది. బాపు తొట్టి కడిగి, బోర్లించి, దాని మీద ఉతికిన గోనెసంచి పరిచాడు. పూల గుడ్డ మళ్ళీ బయటికి వచ్చింది. అమ్మ బకెట్టు పట్టుకుని బర్రె పక్కన కూర్చుంది. పాలకు వచ్చినవాళ్ళు గిన్నెలు అరుగు మీద వరసగా పెట్టి, సినిమా అయ్యాక తీసుకుంటామని ఎదురింట్లోకి పోయారు. ఆ గడప బయట చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. సినిమా మొదలైంది. మా పెట్టెలో ఈల మొదలైంది.

బాపు తొట్టి వైపు చూశాడు, దర్వాజా వైపు చూశాడు, ముల్లును అటు ఇటు తిప్పాడు. నాకు ఉండబట్టలేదు. వద్దంటాడని చెప్పకుండానే గల్లీ దాటాను. కాక ఇంట్లో కాలు పెట్టే సందు లేదు. కిటికీ ఊచలు పట్టుకుని, బాపు మాటలు వచ్చే టైమైంది కాకా, ఈలతో ఏమీ వినబడడం లేదు, జర సేపు టీవీ బంద్ చెయ్యమని అడిగాను. ఇల్లంతా నన్ను గుర్రుగా చూసింది. కాక తల వంచుకుని వెనక్కి చూశాడు. కోడలి తరఫు చుట్టాలు కూడా ముందు వరసలో కూర్చుని ఉన్నారు.

"గింతమంది కూసున్నంక ఎట్ల బంద్ చెయ్యాలె బిడ్డా. నడుమ వార్తలొస్తయి గద, అప్పుడొస్త."

అప్పటికి బాపు మాటలు అయిపోతాయి కాకా అన్నాను. ఆయన వినలేదు, లేదా విననట్టు ఊరుకున్నాడు. నేను ఒక్కదాన్నే తిరిగి రావడం బాపు చూశాడు. వాల్యూము గుండీని చివరిదాకా తిప్పాడు.

రైతుల కార్యక్రమం సంగీతం ఈలలో కలిసిపోయి ఏదో వింత చప్పుడుగా వచ్చింది. బర్రెలు కదల్లేదు. అమ్మ పొదుగు నిమురుతూనే ఉంది. తర్వాత బాపు గొంతు మొదలైంది, అంటే బాపు గొంతని మేం అనుకోవాలి. ఈల నడుమ నుంచి శ్రద్ధ, పశుగ్రాసం, వలసి ఉంది అనే ముక్కలు పడుతున్నాయి. కన్నకూతురిని, నేను కూడా గుర్తుపట్టలేకపోయాను. బాపు పెట్టె పక్కన చెయ్యి వేసి నిలబడి, పెదవులతో తన మాటలు తనే అందుకుంటున్నాడు. మొహంలో సంతోషం లేదు. మాటిమాటికీ దర్వాజా వైపు చూస్తున్నాడు. ఇంత ఆశ పెట్టుకోవడం ఎందుకు, ఇట్లా నిలబడడం ఎందుకు అని నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

అప్పుడు పడింది కేక. వాళ్ళు తీసేయలేదు.

ఆ గొంతు ముందు ఈల నిలబడలేకపోయింది. పెట్టె మీది గుడ్డ అదిరింది. తెంపుకున్నదిరో అనేసరికి కొట్టంలో బర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. అడ్డం రాండ్రీ అనేసరికి ఎదురింట్లో బల్లలు కిందపడ్డాయి, ఎవరో ఎవరినో తొక్కారు, పిల్లలు ఏడ్చారు. నేను దర్వాజా దగ్గరికి చేరేలోగానే గల్లీ నిండిపోయింది. పాల ఇళ్ళవాళ్ళందరూ, చేతికి ఏది దొరికితే అది పట్టుకుని, రెండు కొసలా అడ్డం నిలబడ్డారు. కట్టెలు, చీపుర్లు, ఒకాయన చేతిలో టీవీ మీద పెట్టే ప్లాస్టిక్ పూల గుత్తి. అందరికంటే ముందు కాక, లుంగీ ఎగ్గట్టి, చెప్పులు కూడా లేకుండా, కట్టె ఎత్తి పట్టుకుని మా కొట్టంలోకి దూకాడు.

"ఏది అన్నా? ఎటు వోయింది?"

ఆ తోపులాటలో ఎవరి కాలు తగిలిందో, ఎదురింట్లో టీవీ తీగ ఊడిపోయింది. మా పెట్టెలో ఈల టక్కున ఆగింది. కొట్టంలో, గల్లీలో, అందరికీ ఒక గొంతు స్వచ్ఛంగా వినిపించింది. పై విధంగా పిలిచినచో ఇరుగుపొరుగువారి సహకారం లభించగలదని ఆ గొంతు పేర్కొంది.

కాక కట్టె దించాడు. బర్రెలన్నీ కట్టేసే ఉన్నాయి. పెట్టెను చూశాడు, బాపును చూశాడు. బాపు నోరు మూసుకునే ఉన్నాడు, గొంతేమో పెట్టెలోంచి వస్తోంది. అప్పుడు అర్థమైంది ఆయనకు. బయట ఒకరిద్దరు నవ్వారు, కొందరు తిట్టుకున్నారు, కోడలి చుట్టాలు ఏమైంది ఏమైందని అడుగుతున్నారు. కాక మాత్రం గోనెసంచి పరిచిన తొట్టి మీద, కట్టె మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. మిగిలిన కొంచెంసేపు కదలకుండా విన్నాడు. బాపు ఆయన మొహాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆఖరున శ్రోతలకు మరోసారి నమస్కారం చెప్పి ఆ గొంతు ఆగిపోయింది.

"గా కేక నీది. ఎనకసిరి మాట్లాడిన సారు ఎవరు?"

"గది గూడ నేనే తమ్మీ."

కాక మోకాళ్ళ మీది కట్టెను అటు ఇటు దొర్లించాడు.

"నువ్వు పిలిచినవ్, ఉరికొచ్చిన అన్నా. గా సారు పిలిస్తే నేనెందుకొస్త?"

ఆ మాట చెడ్డగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టే అన్నాడు. ఎదురింట్లో ఎవరో తీగ మళ్ళీ పెట్టారు. ఈల లేచింది. కాక ఇబ్బందిగా లేచి, చుట్టాలున్నరు అని సణిగి, కట్టె ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. బర్రె కోసం చెప్పుల్లేకుండా వచ్చిన మనిషి, అన్న కోసం గల్లీ దాటలేదు. బాపు మీద అంతకంటే మండింది. ఇదే మాట నేను ఇన్నేళ్ళుగా అరిచి చెప్పాను. అరిచింది కూతురు కాబట్టి ఆయనకు ఎక్కలేదు. కానీ ఆయన మొహం చూశాక, నేను చెప్పలేదా అనడానికి నోరు రాలేదు.

బాపు వార్తలకు ఆగకుండా రేడియో కట్టేశాడు. నాకు తెలిసి అట్లా కట్టేయడం అదే మొదలు. అమ్మ బకెట్టులో పాలు ధారగా పడుతున్నాయి. ఆ కేకకు బర్రె చేపిందట. పితకడం అయ్యాక అమ్మ తాడు ఎక్కడుందని అడిగింది. మామూలుగా అడిగిందో, కావాలనే అడిగిందో తెలియదు.

"గాడ్నే ఉన్నది, సూడు" అన్నాడు బాపు.

అమ్మ నావైపు చూసింది. 

తర్వాతి ఆదివారం సాయంత్రం మేం కొట్టంలో ఉండగా గల్లీలో కేక పడింది. తెంపుకున్నదిరో అని, కాక గొంతు. బాపు తింటున్న అటుకుల గిన్నె పడేసి, కట్టె అందుకుని ఉరికాడు. ఎదురింటి గడపలో కాక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. పిక్చర్ షురూ అయిందన్నా, లోపలికి రా అన్నాడు. బాపుకు కోపం నసాళానికి అంటింది. ఆ కేకను ఆటకు వేస్తావా అని గల్లీ నడుమ నిలబడి తిట్టిన తిట్లలో ఒక్కటి కూడా రేడియోలో వచ్చేది కాదు. గడ్డిని గడ్డి అన్నాడు, పేడను పేడ అన్నాడు, కాక తలలో ఆ రెండే ఉన్నాయన్నాడు. కిటికీల్లోంచి జనం తొంగిచూశారు. కాక మొత్తం విని, అయిపోయిందా, అయితే రా అని పక్కకు జరిగాడు. బాపు కట్టె చేతిలో పట్టుకునే లోపలికి వెళ్ళాడు. ముందు వరసలో ఆయనకు జాగా చేశారు.

మొదట ఆదివారాలు, తర్వాత మామూలు సాయంత్రాలు కూడా. వార్తలు అక్కడే చూడడం మొదలుపెట్టాడు. మనకు గాదులే అన్నా అని కాక అనడం, బాపు కసరడం మళ్ళీ మా దాకా వినిపించేవి.

కొట్టంలో రేడియో పెట్టే పని నా మీద పడింది. బర్రెలకు ఆ సంగీతం కావాలి, లేకపోతే అమ్మకు పాలు దిగవు. పొద్దంతా టైపు కొట్టి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వాల్వులు వేడెక్కేదాకా నిలబడి, ఈలలోంచి ఆ సంగీతం ముక్కను దొరకబుచ్చుకోవడానికి ముల్లు తిప్పి తిప్పి నా చెయ్యి గుంజేది. ఆ ఈల వచ్చేది ఎదురింటి టీవీలోంచే. ఆ టీవీ ముందు కూర్చుని ఉన్నది మా బాపే. ఒక్క నిమిషం బంద్ చేయించమంటే వినేవాడు కాదు. కిటికీలోంచి మొహం కూడా తిప్పకుండా, బర్రెలకు వినబడ్తలేదు బిడ్డా, జర సౌండ్ పెంచు అని అరిచేవాడు.